మిస్డ్ అబార్షన్‌కు మాత్రలతో ఇంటివద్ద చికిత్స: ఒక కేసు పూర్వాపరాలు

కోనసీమలోని ఒక లంక గ్రామానికి చెందిన 29 ఏళ్ల గృహిణి, రెండు రోజులుగా గోధుమరంగు మరక కనబడుతోందంటూ అత్తగారిని తోడు తీసుకుని మా ఓపీకి వచ్చింది. ఇది ఆమెకు రెండో గర్భం. మొదటి కాన్పు నాలుగేళ్ల క్రితం సిజేరియన్ ద్వారా జరిగింది. భర్త కువైట్‌లో పనిచేస్తాడు, సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లిపోయాడు. చివరి నెలసరి తేదీని బట్టి చూస్తే ఎనిమిది వారాల రెండు రోజుల గర్భం. అయితే ఆమెకు నెలసరి 35 నుంచి 40 రోజులకు ఒకసారి వస్తుందన్న సంగతి అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. ఆమె ఎవరో తెలియకుండా ఉండేందుకు కొన్ని వ్యక్తిగత వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవేవీ మార్చలేదు.

ఆ ఉదయమే ఆమె వేరొకచోట పొట్ట మీదుగా స్కాన్ చేయించుకుని వచ్చింది. పిండం పొడవు 4.5 మి.మీ. ఉందని, గుండె చప్పుడు లేదని, కనుక మిస్డ్ అబార్షన్ (గర్భం లోపలే ఆగిపోయి బయటికి పడకపోవడం) అని, డి అండ్ సి (గర్భసంచి లోపల గోకి శుభ్రం చేయడం) చేయించుకోవాలని ఆ రిపోర్టు చివర రాసి ఉంది. చేతిసంచిలో దానికి తోడుగా మరో చీటీ కూడా ఉంది. గర్భం నిలబడడానికి వారానికొకటి చొప్పున ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకోమని అందులో రాశారు. ఒక కాగితం నిలబెట్టమంటోంది, రెండోది తీసేయమంటోంది. అత్తగారు రెండింటినీ నా బల్ల మీద పక్కపక్కనే పెట్టి, ‘ఇందులో ఏది నమ్మమంటారు?’ అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది.

నిర్ధారణకు ముందు

యోనిమార్గం ద్వారా మేము చేసిన స్కాన్‌లో పిండ సంచి సగటు వ్యాసం 20 మి.మీ., యోక్ శాక్ (తొలి వారాల్లో పిండానికి పోషణనిచ్చే చిన్న సంచి) ఉంది, పిండం పొడవు 4.8 మి.మీ., గుండె చప్పుడు లేదు. ఇది అనుమానించవలసిన స్థితే తప్ప గర్భం పోయిందని తేల్చి చెప్పగల స్థితి కాదు. ఒక్క స్కాన్‌తోనే నిర్ధారించాలంటే పిండం పొడవు కనీసం 7 మి.మీ. ఉండి గుండె చప్పుడు లేకపోవాలి, లేదా పిండ సంచి సగటు వ్యాసం 25 మి.మీ. చేరినా లోపల పిండం కనబడకపోవాలి. ఒకప్పుడు పిండం పొడవుకు 5 మి.మీ. హద్దు సరిపోతుందనుకునేవారు. ఒకే పిండాన్ని ఇద్దరు కొలిస్తే వచ్చే తేడా వల్లనే బతికి ఉన్న గర్భాలు పొరపాటున పోయే ప్రమాదం ఉందని గుర్తించి 2011-13 మధ్య ఈ హద్దులను పెంచారు. అయినా పాత అంకె మీదనే రాసిన రిపోర్టులు ఇప్పటికీ మా దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

ఈ కేసులో నెలసరి లెక్క అంతకన్నా ముఖ్యమైనది. 40 రోజుల చక్రంలో అండం విడుదలయ్యేది దాదాపు 26వ రోజున. అంటే 28 రోజుల చక్రాన్ని ఆధారం చేసుకుని వేసిన ఎనిమిది వారాల లెక్కలో నుంచి పన్నెండు రోజులు తీసేయాలి, అప్పుడు అసలు వయసు ఆరున్నర వారాల దగ్గర తేలుతుంది. ఆరు వారాలు దాటిన కొత్తలో పిండం 4.8 మి.మీ. ఉండడంలో వింత ఏమీ లేదు, గుండె చప్పుడు నాలుగైదు రోజుల తర్వాత కనబడినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ ఉదయమే డి అండ్ సి చేసి ఉంటే ఆ గర్భం బతికేదో కాదో ఎప్పటికీ తెలిసేది కాదు.

మునుపు సిజేరియన్ అయిన మనిషి కాబట్టి మరో విషయం కూడా జాగ్రత్తగా చూశాము. పిండ సంచి గర్భసంచి పైభాగంలో ఉంది, పాత కుట్టు ఉన్న చోటికి దూరంగా ఉంది. పాత కుట్టులోనే గర్భం నాటుకుని ఉంటే మాత్రలతో ఇంటివద్ద చికిత్స చేయడం ప్రాణాంతకం కావచ్చు. మందుల దుకాణంలో గర్భస్రావ మాత్రల కిట్ కొనుక్కుని స్కాన్ లేకుండా మింగే వారి విషయంలో నా భయం ప్రధానంగా ఇదీ, అండవాహిక గొట్టంలో నిలిచిన గర్భమూను. మొదటి త్రైమాసికంలో పాత సిజేరియన్ దానంతట అది ఈ చికిత్సకు అడ్డంకి కాదు, గర్భం ఎక్కడుందన్నదే తేలాలి.

ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్లు ఆపించాను. తొలి నెలల్లో రక్తస్రావమైన నాలుగు వేల మందికి పైగా స్త్రీల మీద బ్రిటన్‌లో జరిగి 2019లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మొత్తం మీద చూసినప్పుడు ఆ మందు వల్ల చెప్పుకోదగ్గ మేలు తేలలేదు. మునుపు గర్భస్రావాలు అయినవారిలో మాత్రమే కొంత ప్రయోజనం ఉన్నట్టు కనిపించింది. ఈమెకు అలాంటి చరిత్ర లేదు.

మళ్లీ స్కాన్ పదకొండు రోజులకు పెట్టాము. ఇలాంటి కేసులో కనీసం ఏడు రోజులు ఆగాలన్నది నియమం. యోక్ శాక్ ఉన్న సంచి కనబడిన పదకొండు రోజుల తర్వాత కూడా గుండె చప్పుడుతో పిండం కనబడకపోతే ఇక ఏ సందేహమూ మిగలదు కాబట్టి ఆ గడువును ఎంచుకున్నాను. ‘లోపల పోయినది అలాగే ఉంటే విషం ఎక్కదా’ అన్నది అత్తగారి భయం. జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, పొత్తికడుపులో నొప్పి, ఎక్కువ రక్తస్రావం ఇవేవీ లేనంతవరకు ఆ పదకొండు రోజుల్లో విషం ఎక్కదని, వాటిలో ఏది కనబడినా వేళ చూడకుండా రావాలని చెప్పి, అదే చీటీ మీద రాసి ఇచ్చాము.

రెండో స్కాన్‌లో పిండం 5.1 మి.మీ., పిండ సంచి 22 మి.మీ., అంచులు వంకరపోయి ఉన్నాయి, గుండె చప్పుడు లేదు. మా సహ వైద్యురాలు విడిగా చూసి అదే చెప్పారు. గర్భం పోయిందని అప్పుడు నిర్ధారించాము. ఆమె మొదట అడిగింది బొప్పాయి గురించి, తర్వాత ఆటోలో రేవు దాకా వెళ్లిన గతుకుల రోడ్డు గురించి. తొలి వారాల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా క్రోమోజోముల లోపం వల్లనే పోతాయని, ఆ లోపం అండం, వీర్యకణం కలిసిన నాటిదని, తిన్నదీ తిరిగినదీ దానికి కారణం కాదని అత్తగారు వింటుండగానే చెప్పాను. ఆ మాట రోగికి ఒంటరిగా చెప్పి పంపితే ఇంట్లో దానికి విలువ ఉండదు.

ఎంపిక

మూడు దారులు ఉన్నాయి. దానంతట అదే పడిపోయేదాకా ఆగడం ఒకటి. ఎనిమిది వారాల వరకు ఓపిక పట్టగలిగితే దాదాపు 80 శాతం మందిలో గర్భం పూర్తిగా పడిపోతుంది, కానీ ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. ఎంవీఏ (చేతి పంపుతో వాక్యూమ్ పద్ధతిలో పీల్చడం) చేసి తీసేయడం రెండోది. అది దాదాపు అందరిలో ఒక్కసారికే పూర్తవుతుంది. మన దగ్గర ఇప్పటికీ అలవాటుగా చేస్తున్న గోకుడు పద్ధతి కన్నా వాక్యూమ్ సురక్షితమైనది, ఆ మార్పు ఇంకా అన్నిచోట్లా రాలేదు. మూడోది మాత్రలు.

మాత్రల విషయంలో 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనాన్నే నేను ముందుంచుకుంటాను. మిసోప్రోస్టాల్ (గర్భసంచిని సంకోచింపజేసే మందు) ఒక్కటే ఇచ్చినప్పుడు మొదటి తనిఖీ నాటికి 67 శాతం మందిలో గర్భం పడిపోగా, దానికి ఒక రోజు ముందు మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు అది 84 శాతానికి పెరిగింది. నెల తిరిగేలోగా వాక్యూమ్ అవసరమైనవారు మొదటి పద్ధతిలో 23.5 శాతం, రెండో పద్ధతిలో 8.8 శాతం. పిండం పోయాక ప్రొజెస్టిరాన్‌ను అడ్డుకునే మిఫెప్రిస్టోన్ దేనికని కొందరు వైద్యులే అడుగుతారు. పిండం ఆగిపోయినా దాని చుట్టూ ఉన్న మాయ కణజాలం, అండాశయంలో ప్రొజెస్టిరాన్ తయారుచేసే కార్పస్ లూటియం కొంతకాలం పనిచేస్తూనే ఉంటాయి, గర్భసంచి ఇంకా ప్రొజెస్టిరాన్ అదుపులోనే ఉంటుంది. అందుకే మిసోప్రోస్టాల్ ఒక్కటే ఇస్తే ప్రతి ముగ్గురిలో ఒకరికి ఫలితం రావడం లేదు.

మూడింటినీ వివరించాక ఆమె మాత్రలనే ఎంచుకుంది. మత్తు అంటే భయం ఒక కారణం, నాలుగేళ్ల పిల్లవాడిని వదిలి ఆసుపత్రిలో ఉండడం కుదరకపోవడం మరో కారణం. భర్త సంతకం లేకుండా ఎలా అని అత్తగారు అన్నారు. వయోజనురాలైన స్త్రీ తన చికిత్సకు తానే సమ్మతి ఇవ్వవచ్చు, మరొకరి సంతకం చట్టం అడగదు. అయినా ఆమె కోరిక మీద భర్తతో ఫోన్‌లో మాట్లాడాను. అతను ప్రధానంగా అడిగింది మళ్లీ పిల్లలు పుడతారా అనే. గర్భం అప్పటికే పోయింది కాబట్టి ఇది ఎంటీపీ చట్టం కిందికి వచ్చే గర్భవిచ్ఛిత్తి కాదు, కేవలం చికిత్స. కానీ దుకాణంలో దొరికేది అదే కిట్ కావడం వల్ల తర్వాత ఎవరైనా అడిగితే జవాబు కాగితం మీద ఉండాలని, రెండు స్కాన్ రిపోర్టులను, వాటి ఫారం-ఎఫ్ (గర్భిణికి స్కాన్ చేసినప్పుడు చట్టం ప్రకారం నింపే పత్రం) నకళ్లను, సమ్మతి పత్రాన్ని కేసు షీటుకు జతచేశాము.

హిమోగ్లోబిన్ 10.4 ఉంది. గుండె జబ్బు, ఉబ్బసానికి దీర్ఘకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు, రక్తం పలుచబరిచే మందులు, ఎడ్రినల్ సమస్య లేవు. రక్తం ఓ నెగటివ్, భర్తది పాజిటివ్, మొదటి కాన్పు తర్వాత యాంటీ-డి (నెగటివ్ తల్లి శరీరంలో పాజిటివ్ రక్తానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవకుండా ఆపే ఇంజెక్షన్) తీసుకుంది. ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష (ఆ యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయేమో చూసేది) నెగటివ్ వచ్చింది. పన్నెండు వారాల లోపు గర్భస్రావానికి యాంటీ-డి అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన దేశంలో ఇప్పటికీ ఇవ్వడమే రివాజు. ఇలాంటి చోట రోగి మీద ప్రయోగాలు చేయడం నాకు ఇష్టం లేదు, పైగా ఆమెకు ఇంకా పిల్లలు కావాలి. ఇచ్చాను.

అడ్డంకిగా తేలింది ఊరే. రేవు దాటి రావాలి, రాత్రి పడవ తిరగదు. ఎక్కువ రక్తస్రావమైతే గంటలోపు ఆసుపత్రికి చేరగలగడం, పక్కన పెద్ద మనిషి ఒకరు ఉండడం, చేతిలో పనిచేసే ఫోన్ ఉండడం, ఈ మూడూ లేని చోట నేను మాత్రలు ఇంటికి ఇవ్వను. వరద రోజుల్లో లంకల వారికి అసలే ఇవ్వను. ఆమె పుట్టిల్లు ఇవతలి ఒడ్డున, మాకు అరగంట దూరంలో ఉంది. వారం రోజులు అక్కడే ఉండడానికి ఒప్పుకున్నాకే మందు రాశాను.

మాత్రలు, ఆ రోజు

మిఫెప్రిస్టోన్ మాత్రను మా ఎదుటే మింగించి, యాంటీ-డి కూడా అప్పుడే ఇచ్చాము. కిట్‌లో మిగిలిన నాలుగు మిసోప్రోస్టాల్ మాత్రలు ఒక్కొక్కటి 200 మైక్రోగ్రాములు, కలిపి 800. మర్నాడు ఉదయం ఎనిమిది గంటలకు, చేతులు సబ్బుతో కడుక్కుని, నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి యోనిలోకి వేలు అందినంత లోతుకు పెట్టుకుని అరగంట పడుకోవాలని చెప్పాము. ఉదయమే ఎందుకంటే, రక్తస్రావం ఉద్ధృతమయ్యే మూడు నుంచి ఆరు గంటల వేళ పగటిపూట పడుతుంది. అర్ధరాత్రి వచ్చే ఫోన్‌కూ మధ్యాహ్నం వచ్చే ఫోన్‌కూ చాలా తేడా ఉంది.

నొప్పికి ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, మిసోప్రోస్టాల్‌కు అరగంట ముందు ఒకటి, ఆపై ఆరు గంటలకొకటి. ఈ మాత్ర మిసోప్రోస్టాల్ పనిని దెబ్బతీస్తుందన్న అపోహతో నొప్పిని భరించమని చెప్పేవారు ఉన్నారు, అది నిజం కాదు. నర్సు కాగితం మీద రాసి, ఆమెతో చదివించి, తిరిగి చెప్పించిన సూచనలు ఇవి: వరుసగా రెండు గంటల పాటు గంటకు రెండు పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిస్తే, కళ్లు తిరిగి పడిపోయేలా ఉంటే, మిసోప్రోస్టాల్ వాడి ఒక రోజు గడిచాక కూడా 100.4 డిగ్రీలకు మించిన జ్వరం ఉంటే వెంటనే రావాలి. రెండు రోజులు దాటినా రక్తస్రావమే మొదలుకాకపోతే ఫోన్ చేయాలి. మొదటి కొన్ని గంటల్లో వచ్చే చలి, వణుకు, స్వల్ప జ్వరం, విరేచనాలు మందు వల్ల వచ్చేవే.

మర్నాడు తొమ్మిదిన్నరకు తల్లి ఫోన్ చేసింది. ‘పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయమ్మా, దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగడం లేదు’ అంది. ముందు రోజే చెప్పిన విషయమే కాబట్టి కంగారు తక్కువగా ఉంది. పదకొండుకు నొప్పులు, పన్నెండుకు గడ్డలతో రక్తం, ఒంటిగంట దాటాక ‘ముద్దలా పడింది’ అన్న మాట. ఆ రెండు గంటల్లో మూడు ప్యాడ్లు తడిశాయి, హద్దుకు లోపలే. సాయంత్రానికి మామూలు నెలసరి స్థాయికి వచ్చింది.

ఆ పడేది ఎలా ఉంటుందో ముందుగా చెప్పడం నాకు అలవాటు, చాలామంది వైద్యులు చెప్పరు. ఈ వయసు పిండం బియ్యపు గింజ కన్నా చిన్నది, విడిగా కనబడదు. కనబడేది గడ్డల మధ్య తెల్లటి, మెత్తటి పొరల ముద్ద. చేతులూ కాళ్లూ ఉన్న బిడ్డను చూస్తానేమోనన్న భయంతో బాత్‌రూమ్‌కు వెళ్లడానికే వెనుకాడే వారిని చూశాను కనుక దీన్ని దాటవేయను. ఆమెకు ముందే ఇచ్చి పంపిన డబ్బాలో తల్లి ఆ ముద్దను సెలైన్‌లో ఉంచి సాయంత్రం తెచ్చింది. పాథాలజీ రిపోర్టులో మాయకు చెందిన కణజాలం ఉందని, ముత్యాల గర్భం (మాయ కణజాలం అసహజంగా పెరిగే గర్భం) లక్షణాలు లేవని వచ్చింది.

ఆరో రోజు రిపోర్టు

అక్కడికి చికిత్స అయిపోయినట్టే. కానీ ఇలాంటి కేసుల్లో రెండో తొందర మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆరో రోజున అత్తగారు చూడడానికి వచ్చి, ఇంకా ఎర్రగా కనబడుతోందన్న ఆందోళనతో దగ్గరలోని స్కాన్ సెంటర్‌కు తీసుకెళ్లారు. గర్భసంచి లోపలి పొర మందం 16 మి.మీ., లోపల అసమానమైన పదార్థం ఉంది, గర్భ శేషాలు మిగిలాయి, డి అండ్ సి సూచించడమైనది అని రిపోర్టు. గంటలోపు మా దగ్గరికి వచ్చారు. ‘కడిగించేస్తే ఒక పని అయిపోతుంది కదా’ అన్నది వారి వాదన.

పరీక్షించాను. జ్వరం లేదు, నాడి 84, బీపీ మామూలే, రోజుకు రెండు ప్యాడ్లు, గర్భసంచిని నొక్కితే నొప్పి లేదు, ముఖద్వారం మూసుకునే ఉంది. మా స్కాన్‌లోనూ పొర మందం దాదాపు అంతే వచ్చింది. పిండ సంచి మాత్రం లేదు, డాప్లర్‌లో చెప్పుకోదగ్గ రక్త ప్రసరణ లేదు.

మాత్రల తర్వాత స్కాన్‌లో వెతకవలసింది పిండ సంచి ఉందా లేదా అన్నదే. పొర మందం ఒక్కదాన్నే చూసి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. వారం రోజుల నాటికి లోపల గడ్డలూ, పొర ముక్కలూ ఉండడం సహజం, అవి రక్తస్రావంతో కలిసి పోతూనే ఉంటాయి. పిండ సంచి లేకుండా, మందం 30 మి.మీ. లోపు ఉంటే గర్భస్రావం పూర్తయినట్టే పరిగణిస్తారు. స్కాన్ చేసిన వారికి ఆమె మాత్రలు వాడిన సంగతి ఎవరూ చెప్పలేదు, వారు చూసింది చూసినట్టే రాశారు. తప్పు రిపోర్టులో లేదు, దాని చివరి వాక్యాన్ని చీటీగా మార్చేయడంలో ఉంది. రోగి లక్షణాలను పక్కనపెట్టి ఆ వాక్యం మీద డి అండ్ సి చేస్తే, గర్భసంచికి రంధ్రం పడడం, లోపలి గోడలు అతుక్కుపోయి తర్వాత నెలసరి తగ్గిపోవడం, గర్భం నిలవకపోవడం వంటి ప్రమాదాలను అవసరం లేకుండా నెత్తిన వేసుకున్నట్టే. పాత సిజేరియన్ కుట్టు ఉన్న గర్భసంచిలో ఆ జాగ్రత్త మరింత అవసరం.

ఇదంతా అత్తగారికి స్కాన్ తెర మీద చూపిస్తూ చెప్పాను. మొదటి రోజు గుండ్రంగా నల్లగా కనబడిన సంచి ఉన్న చిత్రాన్నీ, ఇప్పటి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి, ఆ సంచి ఎక్కడుందో చూపించమన్నాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు వెతికి, ‘ఇందులో లేదు’ అన్నారు. ఆ తర్వాత డి అండ్ సి మాట ఎత్తలేదు. ఐరన్ మాత్రలు రాసి, ఎక్కువ రక్తస్రావం, జ్వరం గురించి పాత సూచనలే మళ్లీ గుర్తుచేసి పంపాను. యాంటీబయాటిక్ రాయలేదు. ఇన్‌ఫెక్షన్ లక్షణం లేనప్పుడు ఇంటివద్ద మాత్రల చికిత్సలో అది అవసరం లేదు.

తర్వాత

రక్తస్రావం పన్నెండో రోజున ఆగిపోయింది. మూడు వారాలకు ఇంట్లోనే మూత్ర పరీక్ష చేసుకుని నెగటివ్ వచ్చిందని ఫోన్‌లో చెప్పింది. ఈ పరీక్షను అంతకన్నా ముందు చేయవద్దని గట్టిగా చెబుతాను. హెచ్‌సీజీ (ఆ పరీక్ష పసిగట్టే గర్భ హార్మోన్) రక్తంలోంచి పూర్తిగా పోవడానికి సమయం పడుతుంది, పది రోజులకే పాజిటివ్ చూసి భయపడి మళ్లీ స్కాన్ సెంటర్ మెట్లు ఎక్కేవారు చాలామంది. నాలుగో వారానికి కూడా పాజిటివ్‌గానే ఉంటే మాత్రం రావాలి. హిమోగ్లోబిన్ 10.1 దగ్గర నిలిచింది. ఆరో వారంలో నెలసరి వచ్చింది.

ఒక్క గర్భస్రావానికి టార్చ్ ప్యానెల్ (గర్భానికి హాని చేసే కొన్ని ఇన్‌ఫెక్షన్ల పరీక్షలు), క్రోమోజోమ్ పరీక్షలు, రక్తం గడ్డకట్టే గుణాల పరీక్షలు చేయించవలసిన పని లేదు. భర్త కువైట్ నుంచి ఫోన్ చేసి పరీక్షల జాబితా పంపమని అడిగినప్పుడు అదే చెప్పాను. అంతకుముందు చేయించని థైరాయిడ్ పరీక్ష మాత్రం చేయించాము, మామూలుగానే ఉంది. గర్భస్రావం తర్వాత ఆరు నెలలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో సూచించింది. ఆ తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాల్లో త్వరగా గర్భం దాల్చినవారికి దాని వల్ల నష్టం జరిగినట్టు కనబడలేదు. అండం విడుదల రెండు మూడు వారాల్లోనే మళ్లీ మొదలుకావచ్చు కాబట్టి, ఇప్పుడే వద్దనుకుంటే గర్భనిరోధకం వెంటనే మొదలుపెట్టాలి. భర్త తిరిగి వచ్చేది వచ్చే సంక్రాంతికి కాబట్టి వాయిదా ఆ లెక్కనే పడింది. అంతవరకు ఐరన్, ఆ వచ్చే నెల ముందు నుంచి ఫోలిక్ యాసిడ్ వాడమని రాశాను. ఈసారి గర్భం వస్తే తొలి స్కాన్‌కు చివరి నెలసరి తేదీ నుంచి కనీసం ఎనిమిది వారాలు దాటాకే రావాలని, ఆమె నెలసరి చక్రం ఎన్ని రోజులదో ఆ స్కాన్ చేసేవారికి ముందే చెప్పాలని, కుట్టుకు ఎంత దూరంలో గర్భం నాటుకుందో రాయించుకోవాలని, ఆర్‌హెచ్ యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయించాలని కేసు షీటు మొదటి పేజీలో రాయించి, దాని నకలు ఆమె చేతికి ఇచ్చాము.